ఇటలీ ప్రాంతీయ వంటల కార్యక్రమాలు: ఏది ఎవరికి సరిపోతుంది

ఇటలీ వంటల మీద టీవీ కార్యక్రమం చూద్దామని కూర్చునే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: చూశాక ఏం చేద్దామనుకుంటున్నారు? వండాలనా, ఆ ఊళ్లకు వెళ్లాలనా, లేక రాత్రి భోజనమయ్యాక హాయిగా ఓ గంట చూసి పడుకోవాలనా? ఈ మూడు పనులూ ఒకే కార్యక్రమంతో కావు. బాగా పేరొచ్చినవాటిలో తినడం ఎక్కువ, వండటం తక్కువ. అది వాటి లోపమేమీ కాదు. కానీ వంట నేర్చుకుందామని వాటితో మొదలుపెడితే మూడో భాగానికల్లా విసుగొస్తుంది.

ఇంకో సంగతి. ఇటలీ ఒకే దేశంగా ఏర్పడింది 1861లోనే. ఇప్పుడు అక్కడ 20 ప్రాంతాలున్నాయి, వంటిళ్లు కూడా ఇప్పటికీ ఆ లెక్కనే నడుస్తాయి. ఉత్తరాన వెన్న, గుడ్లతో కలిపిన పాస్తా, బియ్యం, మొక్కజొన్న పిండి. దక్షిణాన ఆలివ్ నూనె, డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వ, టమాటా, వంకాయ. అందుకే మొత్తాన్ని "ఇటాలియన్ ఫుడ్" అని ఒకే గాటన కట్టేసే కార్యక్రమాలను ఈ పోలికలోకి తీసుకోలేదు. ప్రాంతం పేరు చెప్పి, అక్కడి మనుషుల వంటిళ్లలోకి తీసుకెళ్లేవే ఇక్కడ ఉన్నాయి.

చూడటానికి: స్టాన్లీ టూచీ

హాలీవుడ్ నటుడు స్టాన్లీ టూచీ చేసిన "సర్చింగ్ ఫర్ ఇటలీ" 2021 ఫిబ్రవరిలో సీఎన్‌ఎన్‌లో మొదలైంది. మొదటి సీజన్లో ఆరు భాగాలు: నేపుల్స్–అమాల్ఫీ తీరం, రోమ్, బొలోన్యా, మిలాన్, టస్కనీ, సిసిలీ. 2022లో వచ్చిన రెండో సీజన్లో వెనిస్, పియెమొంతె, ఉంబ్రియా, లండన్, కలాబ్రియా, సార్డీనియా, పూల్యా, లిగూరియా ఉన్నాయి. 2025లో నేషనల్ జియోగ్రాఫిక్ కోసం ఆయనే "టూచీ ఇన్ ఇటలీ" చేశాడు. ఆ ఏడాది వచ్చినవి ఐదు భాగాలు: టస్కనీ, లొంబార్డీ, త్రెంతీనో–ఆల్తో ఆదిజే, అబ్రుత్సో, లాత్స్యో.

కొత్తవాళ్లు "సర్చింగ్ ఫర్ ఇటలీ" మొదటి సీజన్ వరుసగా చూడటం మేలు. లండన్ భాగం వదిలేసినా నష్టం లేదు, అది అక్కడ స్థిరపడ్డ ఇటాలియన్ల కథ. కలాబ్రియా భాగం మాత్రం వదలొద్దు, అది ఆయన తాతముత్తాతల నేల. ఒక్క భాగం చూసే తీరికే ఉంటే నేపుల్స్ ఎంచుకోండి. ఈ కార్యక్రమంలో బాగున్నదేమిటో, లేనిదేమిటో రెండూ అందులోనే తెలిసిపోతాయి.

నేపుల్స్‌కు దక్షిణాన సొరెంతో ద్వీపకల్పంలో నెరానో అనే చిన్న ఊరుంది. అక్కడి సముద్రపు ఒడ్డు హోటల్లో టూచీ జుకినీ (దోసకాయలా ఉండే ఆకుపచ్చ కాయ) వేసిన స్పగెట్టీ తింటాడు. తిన్నప్పుడు ఆయన మొహం చూస్తే మనకూ వెంటనే వండేయాలనిపిస్తుంది. కానీ కొలతలు దొరకవు, ఎక్కడ చెడుతుందో తెలియదు. చూసి వండేవాళ్లకు పనికొచ్చే లెక్క ఇది. నలుగురికి 400 గ్రాముల స్పగెట్టీ, కిలో లేత జుకినీ. ముక్కలు రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో చక్రాల్లా కోసి, పొద్దుతిరుగుడు నూనెలో లేత బంగారు రంగు వచ్చేదాకా విడతలు విడతలుగా వేయించాలి. అన్నీ ఒకేసారి వేస్తే నూనె చల్లబడుతుంది, ముక్కలు నూనె పీల్చుకుని మెత్తబడిపోతాయి. వేయించాక కొన్ని తులసి జాతి బేసిల్ ఆకులు చల్లి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. చాలామంది ఈ ఒక్క పని మానేసి, "టీవీలో వచ్చినంత చిక్కగా రాలేదేంటి" అనుకుంటారు. నిలవ ఉన్న ముక్కలే పాస్తా ఉడికిన నీళ్లలో కరిగి గుజ్జవుతాయి, అప్పుడే వేయించినవి ముక్కలుగానే మిగిలిపోతాయి. చివర్లో పొయ్యి మీద నుంచి దించాకే చీజ్ కలపాలి. నెరానోలో ఎక్కువగా ప్రొవొలోనే దెల్ మొనాకో అనే చీజ్ వాడతారు. మంట మీదే కలిపితే అది తీగలు సాగి గరిటెకు చుట్టుకుంటుంది.

టూచీ కార్యక్రమం ఈ వివరాల్లోకి వెళ్లదు. ఆ పూట ఆకలి పుట్టించడం, ఆ ఊరి చరిత్ర చెప్పడం దాని పని. ఆ పని అంత బాగా చేసే కార్యక్రమం మరొకటి లేదు. ప్రయాణం పెట్టుకున్నవాళ్లు కూడా దీన్నే ఎంచుకోవాలి, హోటళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు స్పష్టంగా చెబుతాడు.

వండటానికి: పాస్తా గ్రానీస్

ఇది టీవీ ఛానల్లో వచ్చేది కాదు, యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ రోజుల్లో ఇంట్లో టీవీ తెర మీదే యూట్యూబ్ చూస్తున్నాం కాబట్టి ఇక్కడ చేర్చాం. విక్కీ బెన్నిసన్ 2014లో మొదలుపెట్టింది. ఊరూరా తిరిగి, అక్కడి బామ్మలు ఇంట్లో చేత్తో చేసే పాస్తాను చిత్రీకరిస్తుంది. ఒక్కో వీడియో చిన్నది. వెనక సంగీతపు హోరు లేదు, పోటీ లేదు, కెమెరా చేతుల మీదే ఉంటుంది. వంట నేర్చుకోవాలంటే కళ్లు చూడాల్సింది చేతుల్నే కాబట్టి, ఈ పోలికలో మా మొదటి ఓటు దీనికే.

ఇబ్బంది ఒకటుంది. ఆ బామ్మలు కొలిచి వేయరు. పిండి కుప్ప పోసి, చేత్తో చూసి నీళ్లు పోస్తారు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చపాతీ పిండి కలిపినట్టే. అందుకే చూసేముందు కింది లెక్కలు కాగితం మీద రాసి పెట్టుకోండి.

దక్షిణాది పాస్తాకు, అంటే పూల్యా ఒరెక్కియెత్తెలాంటివాటికి, గుడ్డు ఉండదు. 400 గ్రాముల సెమోలా, అంటే రెండుసార్లు విసిరిన సన్నటి డ్యూరమ్ గోధుమ పిండి, దానికి సుమారు 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. పది నిమిషాలు గట్టిగా పిసికి, మూతపెట్టి అరగంట వదిలేయాలి. చపాతీ ముద్ద కంటే గట్టిగా ఉండాలి. చేతికి అంటుకుంటుందంటే నీళ్లు ఎక్కువైనట్టే, అలాంటి పిండి కత్తి కింద వంకర తిరగదు. తర్వాత వేలి మందాన తాడులా చేసి, సెంటీమీటరు ముక్కలుగా కోసి, మొండి కత్తితో ఒక్కో ముక్కనూ మన వైపు ఈడ్చాలి. ముక్క చుట్టుకుంటుంది, దాన్ని బొటనవేలి మీద తిరగేస్తే చిన్న చెవి ఆకారం వస్తుంది. గరుకు వైపు బయటికి రావాలి, అదే సాస్‌ను పట్టుకుంటుంది.

మన వంటిళ్లలో ఇక్కడే పని చెడుతుంది. గట్లన్నీ నున్నటి గ్రానైట్. ముక్క జారిపోతుంది తప్ప ఈడ్చుకోదు, గరుకు రాదు. చెక్క మీదే చేయాలి. పాత చపాతీ పీట, అరిగి కాస్త గరుగ్గా ఉన్నదైతే ఇంకా మంచిది. ఫ్యాన్ కూడా ఆపేయండి. మిగిలిన పిండి మీద పొర కడితే తాడు చేసేటప్పుడు పగులుతుంది, తడిగుడ్డ కప్పి ఉంచాలి. మామూలు ఉప్మా రవ్వతో ప్రయత్నించొద్దు, పలుకు పెద్దది కాబట్టి ముద్ద కలవదు. సెమోలా దొరక్కపోతే డ్యూరమ్ గోధుమతో చేసిన ఎండు ఒరెక్కియెత్తె పొట్లం కొనుక్కోవడమే నయం.

ఉత్తరాదిలో, ముఖ్యంగా బొలోన్యా ఉన్న ఎమీలియా–రొమాన్యాలో, లెక్క వేరు: 100 గ్రాముల మెత్తటి గోధుమ పిండికి ఒక గుడ్డు. దీనికి మన మైదా చక్కగా పనికొస్తుంది. అయితే ఆ లెక్క అక్కడి పెద్ద గుడ్లకు. మన దుకాణాల్లో గుడ్డు పెంకుతో కలిపి 50 గ్రాముల దగ్గర ఉంటుంది, అందుకని 400 గ్రాముల మైదాకు నాలుగు కాకుండా ఐదు పట్టొచ్చు. నాలుగు కొట్టి, పిండి పొడిపొడిగా ఉంటేనే ఐదోది గిలక్కొట్టి కొంచెం కొంచెంగా కలపండి.

ఎందుకో తెలుసుకోవాలంటే: సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్

నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన ఈ కార్యక్రమంలో నాలుగే భాగాలు, ఒక్కటే ఇటలీది. "ఫ్యాట్" అనే ఆ భాగం ఉత్తర ఇటలీలో, ఎక్కువగా లిగూరియాలో సాగుతుంది. దీన్ని నడిపే సమీన్ నొస్రత్ స్వయంగా వంటమనిషి, పైగా బోధించడం తెలిసిన మనిషి. ఏం చేస్తున్నారో చూపిస్తూనే ఎందుకు చేస్తున్నారో చెబుతుంది. ప్రాంతం మొత్తాన్ని చూపించదు కానీ, చూపించినంతవరకు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ముప్పావు గంట దొరకదు.

అందులో ఫొకాచ్చా రొట్టె మీద ఉప్పునీళ్లు పోసే చోట ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి చూడండి. పిండి మీద వేళ్లతో గుంటలు నొక్కి, ఆ గుంటల్లో ఉప్పునీళ్లు నింపి, కాసేపు ఉంచి కాలుస్తారు. కాలాక పైన కరకర, లోపల తేమ. సుమారు 800 గ్రాముల పిండితో చేసిన రొట్టె మీద పోసే ఉప్పునీళ్లకు 80 మిల్లీలీటర్ల నీళ్లు, 5 గ్రాముల ఉప్పు. ఈ ఉప్పును చెంచాతో కాక తూకంతోనే వేయాలి. అమెరికా వంటల్లో వాడే కోషర్ ఉప్పు రేకులు రేకులుగా, తేలిగ్గా ఉంటుంది. వాళ్ల చెంచాన్నర మన మెత్తటి అయొడైజ్డ్ ఉప్పుతో వేస్తే రెట్టింపు దాకా పడి రొట్టె నోట పెట్టలేం. పిండిలో కలిపే ఉప్పుకూ ఇదే జాగ్రత్త.

బేసిల్ ఆకులను పచ్చడిలా నూరి చేసే పెస్తో కూడా లిగూరియాదే. సంప్రదాయ లెక్కలో 50 గ్రాముల బేసిల్ ఆకులకు రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా పైన్ గింజలు, ఆరు చెంచాల పార్మిజానో చీజ్ తురుము, రెండు చెంచాల పెకొరీనో (గొర్రె పాల చీజ్) తురుము, అర గ్లాసు ఆలివ్ నూనె, కొన్ని రాళ్ల ఉప్పు పలుకులు. చెంచా అంటే ఇక్కడ పెద్ద చెంచా. పాలరాతి రోట్లో చెక్క రోకలితో నూరతారు. మిక్సీలో వేస్తే బ్లేడు వేడికి ఆకు నల్లబడి చేదెక్కుతుంది. తప్పదంటే జార్‌ను ఫ్రిజ్‌లో చల్లబరిచి, తిప్పి ఆపుతూ రుబ్బండి. పూజకు వాడే తులసితో ఇది కుదరదు. సబ్జా గింజలిచ్చే మొక్క బేసిల్ జాతిదే, కాకపోతే పెస్తోకు వాడే లిగూరియాలోని జెనోవా రకం ఆకు మెత్తన, వాసన తియ్యన. నర్సరీలో "ఇటాలియన్ బేసిల్" అని అడిగి తెచ్చుకోవడం ఉత్తమం.

నెట్‌ఫ్లిక్స్‌లోనే "షెఫ్స్ టేబుల్" ఉంది. 2015లో దాని మొట్టమొదటి భాగమే మొదెనా ఊళ్లో ఒస్తెరియా ఫ్రాంచెస్కానా అనే హోటల్ నడిపే మస్సిమో బొత్తూరా మీద. పార్మిజానోను పుట్టిన ప్రాంతం వాళ్లు ఎంత ప్రాణంగా చూసుకుంటారో అర్థమవుతుంది. టస్కనీలో పాన్‌జానో ఊరి కసాయి దారియో చెక్కీనీ మీద, సిసిలీలో నోతో ఊరి మిఠాయి నిపుణుడు కొర్రాదో అస్సెన్సా మీద కూడా భాగాలున్నాయి. ఇవి మనుషుల కథలు. ఒక్క వంటకం కూడా ఇంట్లో చేయగలిగినంత వివరంగా ఉండదు, ఆ ఆశ పెట్టుకోకుండా చూస్తే చాలా బాగుంటాయి.

బ్రిటన్ వాళ్లు చేసినవి

వీటిలో "ఇటలీ అన్‌ప్యాక్డ్" ప్రత్యేకం. బీబీసీలో 2013 నుంచి 2015 వరకు వచ్చింది. లొంబార్డీలో పుట్టిన వంటగాడు జార్జో లొకాతెల్లి, కళాచరిత్రకారుడు ఆండ్రూ గ్రాహం-డిక్సన్ కలిసి తిరుగుతారు. ఒకరు వంట చెబితే ఇంకొకరు చర్చి గోడ మీద బొమ్మ గురించి చెబుతారు. చరిత్ర ఇష్టమైన ఇంట్లో అందరూ కూర్చుని చూడదగ్గది. దీనికి ముందు 2012లో ఇద్దరూ కలిసి సిసిలీ మీద "సిసిలీ అన్‌ప్యాక్డ్" చేశారు, అక్కడ మొదలుపెట్టండి.

"టూ గ్రీడీ ఇటాలియన్స్" 2011, 2012లలో వచ్చింది. ఆంతోనియో కార్లూచ్చో, జెన్నారో కొంతాల్దో ఇద్దరూ దశాబ్దాలుగా బ్రిటన్‌లో స్థిరపడ్డ ఇటాలియన్లే. కుటుంబం, పేదింటి వంట, ప్రాంతాభిమానం లాంటి అంశాల మీద నడుస్తుంది. వండే భాగం ఉంది, తేలిగ్గా చేయగలిగే వంటలే. 2018లో ఛానల్ 4లో వచ్చిన "జేమీ కుక్స్ ఇటలీ"లోనూ కొంతాల్దో ఉంటాడు. బామ్మ వండుతుంది, ఆ తర్వాత బ్రిటన్ వంటగాడు జేమీ ఆలివర్ తన మార్పులతో వండుతాడు. నేర్చుకునేవాళ్లు ఈ రెండింటినీ కలిపేయకుండా చూడాలి: బామ్మ వండింది ఆ ప్రాంతపు వంట, జేమీ వండింది ఇంట్లో త్వరగా అయ్యే వంట. రెండోది కూడా రుచిగానే ఉంటుంది, ఆ ప్రాంతం పేరు పెట్టి వడ్డించకపోతే చాలు.

అమెరికాలో పీబీఎస్‌లో వచ్చే లిడియా బాస్తియానిచ్ కార్యక్రమాలు కొలతల కోసం చూడాలి. ఈమె 1947లో ఇస్త్రియాలోని పోలాలో పుట్టింది, ఆ ఊరు ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. నిదానంగా, అంతా విడమరిచి చెబుతుంది. కాకపోతే అమెరికాలో స్థిరపడ్డ ఇటాలియన్ల వంటలు కూడా మధ్యలో వస్తుంటాయి. ఆమె చెప్పి మరీ చేస్తుంది కాబట్టి గందరగోళం ఉండదు.

ఈ కోవకే మూలం ఇటలీ టీవీలోనే ఉంది. అక్కడ క్రమం తప్పని ప్రసారాలు 1954లో మొదలైతే, 1957లోనే రచయిత మారియో సొల్దాతి పో నది లోయ వెంట తిరిగి, అసలైన తిండి కోసం వెతుకుతూ ఇటలీ ప్రభుత్వ టీవీ రాయ్‌కు ఒక కార్యక్రమం చేశాడు. ఇటాలియన్ వచ్చినవాళ్లు తప్పక వెతికి చూడాలి.

నిజంగా ప్రాంతీయమేనా?

ఇక్కడ లేని కార్యక్రమం ఏదైనా మీ కంటపడితే రెండు వంటకాలతో పరీక్షించొచ్చు. మొదటిది బొలోన్యా రాగూ, అంటే మాంసం సాస్. 1982లో ఇటాలియన్ వంటల అకాడమీ దీని పద్ధతిని బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేసింది, 2023లో సవరించింది. గొడ్డుమాంసం, పంది పొట్టమాంసం, ఉల్లి, క్యారెట్, సెలరీ, కొద్దిగా టమాటా, వైన్, పాలు. వెల్లుల్లి లేదు. దీన్ని కలిపేది స్పగెట్టీలో కాదు, తల్యతెల్లె అనే పట్టీల్లాంటి పాస్తాలో. ఆ తల్యతెల్లె ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని కూడా 1972లో అదే మండలిలో నమోదు చేశారు. తెర మీద వెల్లుల్లి, ఒరెగానో వేసి "బొలోనీజ్" అంటే అది బొలోన్యా వంట కాదు.

రెండోది రోమ్ వాళ్ల కాచ్యో ఎ పేపే. పెకొరీనో చీజ్, మిరియాలు, పాస్తా నీళ్లు, అంతే. వెన్న గానీ క్రీమ్ గానీ వేస్తే ఆ కార్యక్రమం కష్టమైన మెట్టును దాటవేసినట్టు. కష్టం ఎక్కడంటే, 65 డిగ్రీలు దాటేసరికి చీజ్‌లోని మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. నీళ్లలో పిండిపదార్థం తగినంత ఉంటే ఇది జరగదు. ఇటలీ భౌతికశాస్త్రజ్ఞులు దీని మీద పరిశోధించి 2025లో ప్రచురించారు, చీజ్ బరువులో 2 నుంచి 3 శాతం పిండిపదార్థం కావాలని తేల్చారు. ఇద్దరికి 240 గ్రాముల పాస్తా, 160 గ్రాముల పెకొరీనో అనుకుంటే, 4 గ్రాముల కార్న్‌ఫ్లోర్ (మొక్కజొన్న నుంచి తీసిన తెల్లటి పిండిపదార్థం) చాలు. దాన్ని 40 మిల్లీలీటర్ల నీళ్లలో చిక్కబడేదాకా కాచి, చల్లార్చి, చీజ్‌తో మెత్తగా కలిపి, దించిన పాస్తాలో వేయండి. టీవీలో వంటగాడు బాణలి ఎగరేసి రెండు క్షణాల్లో చేసేది ఏళ్ల అలవాటు మీద వచ్చిన అంచనా, మనకు ఆ అంచనా వచ్చేదాకా ఈ 4 గ్రాములు కాపాడతాయి.

శాకాహారులు ఏ భాగాలు ఎంచుకోవాలి

ముందు ఒక విషయం స్పష్టంగా తెలియాలి. పార్మిజానో రెజ్జానో నిబంధన ప్రకారం దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు. పెకొరీనో రొమానోకు గొర్రెపిల్లది. మాంసం కనిపించకపోయినా ఇవి శాకాహారం కావు. పట్టింపు ఉన్నవాళ్లు పొట్లం మీద "మైక్రోబియల్ రెన్నెట్" అని, ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి కొనాలి. అసలు పేరుతో వచ్చే పార్మిజానోలో మైక్రోబియల్ రెన్నెట్ ఉండదు, వేరే పేరుతో అమ్మే గట్టి చీజ్ తీసుకోవాలి.

టూచీ కార్యక్రమంలో పూల్యా, లిగూరియా, సిసిలీ భాగాలు శాకాహారులకు అనువైనవి. బొలోన్యా, ఉంబ్రియా, టస్కనీల్లో మాంసం, ముఖ్యంగా పంది, పశువుల మాంసం ఎక్కువ. కొట్టడం, కోయడం దగ్గరగా చూపిస్తారు, పిల్లలతో చూసేవాళ్లు ముందే ఓ కంట చూసుకోవడం మంచిది. "షెఫ్స్ టేబుల్"లో కసాయి భాగం గురించి వేరే చెప్పక్కర్లేదు. పాస్తా గ్రానీస్‌లో పూల్యా, బసిలికాతా వీడియోలు వరసపెట్టి చూసినా ఇబ్బంది తక్కువ.

వంకాయ ప్రియులకు సిసిలీలోని కతానియా వంట, పాస్తా అల్లా నోర్మా: వేయించిన వంకాయ, టమాటా, బేసిల్, పైన ఉప్పు పట్టించి ఎండబెట్టిన రికొత్తా చీజ్. నల్లగా గుండ్రంగా ఉండే పెద్ద వంకాయ వాడతారు. ముక్కలకు ఉప్పు రాసి అరగంట ఉంచి, నీరు పిండి వేయిస్తేనే నూనె తక్కువ పీలుస్తాయి. గుత్తి వంకాయ రకం ఇందుకు సరిపోదు, గింజ ఎక్కువ, కండ తక్కువ.

చూసే పద్ధతి

వారానికి ఒక ప్రాంతం పెట్టుకోండి. శనివారం రాత్రి టూచీ భాగం, ఆదివారం ఉదయం అదే ప్రాంతానికి చెందిన బామ్మ వీడియో ఒకటి, మధ్యాహ్నం వంట. పూల్యాతో మొదలుపెడితే సామాను తక్కువ: సెమోలా పిండి, నీళ్లు, టమాటా, వెల్లుల్లి. రెండో వారం లిగూరియా, మూడో వారం సిసిలీ, గుడ్డు పాస్తా చేతికి వచ్చాకే బొలోన్యా. సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి. బామ్మలు మాట్లాడేది చాలాసార్లు వాళ్ల ఊరి యాస, కింద వచ్చే ఇంగ్లిష్ వాక్యం చదవకపోతే "పిండి ఇంకా గట్టిగా ఉండాలి" లాంటి అసలు మాట జారిపోతుంది. వంట చేసే రోజు వీడియోను సగం వేగంతో పెట్టి, వేళ్లు కదిలే చోట రెండుసార్లు చూడండి. ఒరెక్కియెత్తె మొదటి యాభై వంకరటింకరగా వస్తాయి. వాటినీ విడిగా తీసి పెట్టకుండా మిగతావాటితో కలిపే ఉడికించండి, మందం ఒకటే అయితే ఒకేసారి ఉడుకుతాయి.